కంపెనీల సస్టైనబిలిటీ రిపోర్టులో అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?

మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల వైపు వెళ్తే సిమెంటు ఫ్యాక్టరీలు. చౌటుప్పల్, పోలేపల్లి వైపు వెళ్తే మందుల కంపెనీలు. మిర్యాలగూడలో రైస్ మిల్లులు. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో వీటి పక్కన బతికేవాళ్లు ఆ కంపెనీల గురించి రెండు రకాల మాటలు వింటుంటారు. ఊళ్లో వినేది దుమ్ము గురించి, వాసన గురించి, బోరు నీళ్ల గురించి. వార్షిక నివేదికలు వచ్చే జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పేపర్లో చదివేది వేరు: ‘ఉద్గారాల తీవ్రత 9 శాతం తగ్గింది’, ‘వాటర్ పాజిటివ్ అయ్యాం’, ‘ఈఎస్‌జీ రేటింగ్ పెరిగింది’. ఈ రెండూ ఒకే ఫ్యాక్టరీ గురించేనా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

చాలాసార్లు కంపెనీ చెప్పే అంకె అబద్ధం కాదు. కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. పెట్టుబడి పెట్టినవాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి, ఊరు అడిగే ప్రశ్న ఇంకొకటి. ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే ఈ తేడా ఎక్కడ వస్తుందో కనపడుతుంది.

సీఎస్‌ఆర్ వేరు, ఈఎస్‌జీ వేరు

ముందు ఈ గందరగోళం తీరాలి. ఫ్లోరైడ్ బాధ ఉన్న మండలాల్లో కంపెనీ పెట్టించిన వాటర్ ప్లాంటు, బడికి కట్టించిన గది, వేయించిన రోడ్డు, ఇవన్నీ సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద చేసే పనులు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. లాభం వచ్చాక దానిలోంచి తీసి పెట్టే ఖర్చు ఇది.

ఈఎస్‌జీ అంటే పర్యావరణం, సమాజం, కంపెనీ నడిచే తీరు. ఆ లాభం సంపాదించే క్రమంలో ఎంత బొగ్గు కాల్చారు, ఎన్ని నీళ్లు తోడారు, ఎందరు కార్మికులు గాయపడ్డారు, సరుకు ఇచ్చిన చిన్న సప్లయర్లకు ఎన్ని రోజులకు డబ్బులిచ్చారు అన్నది ఈఎస్‌జీ లెక్క. దాన్ని ఏటా రాసి పెట్టేదే సస్టైనబిలిటీ రిపోర్టు. సీఎస్‌ఆర్ కింద చెరువు పూడిక తీసిన కంపెనీ ఈఎస్‌జీలో బలహీనంగా ఉండొచ్చు. ఊరికి ఒక్క పని చేయని కంపెనీ ఈఎస్‌జీలో మెరుగ్గా ఉండొచ్చు.

చట్టం ఎవరిని అడుగుతుంది

ఇలాంటి రిపోర్టులకు ప్రపంచంలో ఎక్కువ మంది వాడే పద్ధతి జీఆర్ఐ (గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్). అమెరికాలోని బోస్టన్‌లో 1997లో మొదలైంది. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికిపోయాక, కంపెనీలు పర్యావరణం మీద చూపే ప్రభావాన్ని లెక్క చెప్పాలన్న ఒత్తిడి పెరిగి, అందులోంచి వచ్చిన పద్ధతి ఇది. మొదటి మార్గదర్శకాలు 2000లో వచ్చాయి.

మన దేశంలో ఈ పని స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీది. 2012లో వంద పెద్ద లిస్టెడ్ కంపెనీలతో మొదలుపెట్టి పరిధి పెంచుతూ వచ్చింది. 2021 మేలో బీఆర్‌ఎస్‌ఆర్ (బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్టు) అనే కొత్త ఫార్మాట్ తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి అది తప్పనిసరి. తొమ్మిది సూత్రాల కింద ప్రశ్నలుంటాయి. ప్రతి సూత్రంలో కొన్నిటికి జవాబు చెప్పి తీరాలి, కొన్నిటికి ఇష్టముంటే చెప్పొచ్చు. ఈ రెండో రకం గురించి నీళ్ల దగ్గర మళ్లీ మాట్లాడుకుందాం.

ఇందులో ‘లిస్టెడ్’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. స్టాక్ మార్కెట్లో షేర్లు లేని కంపెనీ ఎంత పెద్దదైనా దానికి బీఆర్‌ఎస్‌ఆర్ వర్తించదు. పెన్నా సిమెంట్‌నే చూడండి. ఉమ్మడి నల్గొండలోని గణేశ్‌పహాడ్‌లో, తాండూరులో దానికి ఫ్యాక్టరీలున్నాయి. అది లిస్ట్ కాని కంపెనీగా ఉండేది. 2024లో దాన్ని అంబుజా సిమెంట్స్ కొన్నది. చిమ్నీ అదే, రాయిని కాల్చే కిల్న్ (కొలిమి) అదే. కానీ కొన్న కంపెనీ లిస్టెడ్ కాబట్టి ఆ ఫ్యాక్టరీలు లిస్టెడ్ గ్రూపు లెక్కల కిందికి వచ్చాయి. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. అది రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కోది. జెన్‌కో షేర్లు మార్కెట్లో లేవు. అంటే జిల్లాలో అందరికంటే ఎక్కువ బొగ్గు కాల్చగల చోటు ఈ రిపోర్టుల వరుసలో లేదు. పర్యావరణ అనుమతుల షరతులు దానికీ ఉన్నాయి, కానీ అది వేరే దారి.

స్కోప్ 1, 2, 3: పొగ ఎవరి ఖాతాలో పడుతుంది

కార్బన్ లెక్కకు అందరూ వాడేది 2001లో మొదలైన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. ఉద్గారాలను అది మూడు ఖాతాల్లో వేస్తుంది. కంపెనీ తన ఆవరణలో తానే కాల్చినది, లీకు చేసినది స్కోప్ 1. కొనుక్కున్న కరెంటు తయారీలో వేరేచోట వచ్చినది స్కోప్ 2. మిగతాదంతా స్కోప్ 3. అంటే కొన్న ముడిసరుకు, తోలిన లారీలు, ఉద్యోగుల ప్రయాణాలు, అమ్మిన సరుకు వాడకం ఇలా 15 రకాలు.

ఊహకు ఒక మందుల కంపెనీని తీసుకుందాం. కరెంటు పోయినప్పుడు జనరేటర్లకు ఏడాదిలో 10,000 లీటర్ల డీజిల్ వాడింది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఇది దాదాపు 27 టన్నులు. బాయిలర్‌కు 2,000 టన్నుల బొగ్గు. మన బొగ్గు టన్నుకు నాణ్యతను బట్టి సుమారు 1.6 టన్నులనుకుంటే 3,200 టన్నులు. ఈ రెండూ కలిపి స్కోప్ 1లో 3,227. గ్రిడ్ నుంచి 50 లక్షల యూనిట్ల కరెంటు కొన్నది. మన దేశంలో యూనిట్‌కు సగటున 0.7 కిలోల పైమాటే, 0.7 అనే వేసుకున్నా స్కోప్ 2లో 3,500 టన్నులు.

ఇక్కడ ఎవరూ గొట్టం దగ్గర నిలబడి కార్బన్‌ను తూచలేదు. డీజిల్ బిల్లులు, బొగ్గు వేబ్రిడ్జి చీటీలు, కరెంటు మీటరు రీడింగులు తీసుకుని ఒక గుణకంతో గుణించారు. గుణకం మారితే ఫలితం మారుతుంది. బొగ్గు నాణ్యత ల్యాబులో పరీక్షించి సొంత గుణకం వాడిన కంపెనీకీ, పుస్తకంలో ఉన్న సగటు వాడిన కంపెనీకీ ఒకే బొగ్గుకు వేర్వేరు అంకెలు వస్తాయి. రెండూ నిబంధనలకు లోబడినవే.

కరెంటు దగ్గర ఇంకో మెలిక ఉంది. అదే కంపెనీ ఎక్కడో ఉన్న సోలార్ ప్లాంటుతో ఒప్పందం చేసుకుని మొత్తం 50 లక్షల యూనిట్లూ కొన్నదనుకుందాం. వైరు మారదు. ఫ్యాక్టరీకి వచ్చే కరెంటు అదే గ్రిడ్‌ది. అయినా ఒప్పందం ప్రకారం వేసే లెక్కలో దాని స్కోప్ 2 సున్నా. గ్రిడ్ సగటు ప్రకారం వేసే లెక్కలో 3,500 టన్నులే. అందుకే ప్రోటోకాల్ 2015 నుంచి రెండు అంకెలూ చూపమంటోంది. ఇలాంటి ఒప్పందాల వల్లే కొత్త సోలార్ ప్లాంట్లకు బ్యాంకులు అప్పులిస్తాయని సమర్థించేవాళ్లు అంటారు. ఎప్పుడో కట్టిన ప్లాంటు నుంచి సర్టిఫికెట్ మాత్రం కొంటే గాలిలో ఒక్క కిలో కూడా తగ్గదని విమర్శించేవాళ్లు అంటారు. రెండు వాదనల్లోనూ నిజముంది. కొత్త ప్లాంటు కట్టించిన ఒప్పందం, ఒట్టి సర్టిఫికెట్ రెండూ రిపోర్టులో ఒకే సున్నాగా కనపడటమే అసలు చిక్కు.

సిమెంటు కథ: రాయిలోంచే వచ్చే కార్బన్

మన ప్రాంతానికి ఈ లెక్కలో ముఖ్యమైనది సిమెంటు. బొగ్గు మానేసి సోలార్‌కు మారితే సిమెంటు ఫ్యాక్టరీ కూడా శుభ్రమవుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. సున్నపురాయిని కిల్న్‌లో కాల్చినప్పుడు రాయే విడిపోయి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలుస్తుంది. కిల్న్ నుంచి గులకరాళ్లలా బయటికొచ్చే క్లింకర్ టన్నుకు ఒక్క రాయి నుంచే సుమారు 520 కిలోలు. ఇంధనంది దాని మీద ఇంకో 300 దాకా.

కాబట్టి సిమెంటు కంపెనీ కార్బన్ తగ్గించడానికి దగ్గరి దారి బస్తాలో క్లింకర్ తగ్గించడమే. క్లింకర్ టన్నుకు 830 కిలోలు అనుకుందాం. 95 శాతం క్లింకర్ ఉన్న ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటు టన్నుకు దాదాపు 790 కిలోలు పడుతుంది. థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే ఫ్లై యాష్ అనే బూడిద కలిపి క్లింకర్‌ను 65 శాతానికి దించిన పీపీసీ రకం సిమెంటుకు దాదాపు 540. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపడానికి మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. నిజమైన తగ్గుదల ఇది.

అంకె తగ్గినా గాలిలో ఏమీ తగ్గని దారి కూడా ఉంది. కంపెనీ కొంత క్లింకర్ సొంతంగా కాల్చడం మానేసి, బయట కొని తన గ్రైండింగ్ యూనిట్లో పొడి చేసి అమ్మిందనుకోండి. ఆ క్లింకర్ కాల్చినప్పటి కార్బన్ దాని స్కోప్ 1లో ఉండదు, కొన్న ముడిసరుకు కింద స్కోప్ 3లోకి పోతుంది. బీఆర్‌ఎస్‌ఆర్‌లో స్కోప్ 3 ఇష్టముంటే చెప్పే ప్రశ్న. అందువల్ల సిమెంటు కంపెనీ స్కోప్ 1 ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తే, క్లింకర్ కొనుగోళ్లు ఎంతో పక్కనే చూడకుండా ఆ అంకెకు అర్థం లేదు.

ఊక సంగతి కూడా ఇక్కడిదే. మిర్యాలగూడ మిల్లుల్లో వచ్చే ఊకను ఫ్యాక్టరీలు బొగ్గు బదులు బాయిలర్లలో కాలుస్తాయి. ఊక కాలినా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కానీ అది వరి పెరుగుతున్నప్పుడు గాలిలోంచి తీసుకున్నదే కాబట్టి ప్రోటోకాల్ దాన్ని మూడు స్కోపుల్లో దేనిలోనూ కలపదు, విడిగా చూపమంటుంది. ఇది న్యాయమైన పద్ధతే. అయితే ఊక అంతకుముందు ఎక్కడికి పోయేదన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. పెద్ద కంపెనీ ఎక్కువ ధర పెట్టి ఊకంతా తీసుకుంటే, అంతకుముందు దాన్ని వాడిన ఇటుక బట్టీ బొగ్గుకు మారుతుంది. కంపెనీ రిపోర్టులో తగ్గినది బట్టీలో పెరుగుతుంది. బట్టీకి రిపోర్టు ఉండదు.

ఒకే ఏడాది, మూడు కథలు

‘ఉద్గారాల తీవ్రత తగ్గింది’ అన్న వాక్యం ఎక్కడ చదివినా, దేనితో భాగించారన్నది చూడాలి. ఉదాహరణకు ఒక సిమెంటు కంపెనీ:

మొదటి ఏడాది 10 లక్షల టన్నుల సిమెంటు చేసింది. ఉద్గారాలు 6 లక్షల టన్నులు. టన్ను ధర 5,000 రూపాయలు, అమ్మకాలు 500 కోట్లు. రెండో ఏడాది 11 లక్షల టన్నులు చేసింది. ఉద్గారాలు 6.6 లక్షల టన్నులు. ధర 5,500కు పెరిగింది, అమ్మకాలు 605 కోట్లు.

మొత్తంగా చూస్తే ఉద్గారాలు 10 శాతం పెరిగాయి. టన్ను సిమెంటుకు చూస్తే 600 కిలోలే, ఏ మార్పూ లేదు. కోటి రూపాయల అమ్మకానికి చూస్తే 1,200 టన్నుల నుంచి 1,091కి వచ్చింది, అంటే 9 శాతం తగ్గింది. మూడూ నిజమే. కానీ మూడోదాంట్లో తగ్గుదలంతా సిమెంటు బస్తా ధర పెరగడం వల్ల వచ్చింది. కిల్న్‌లో ఒక్క మార్పు లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు ఎక్కువ డబ్బు కట్టడం వల్ల కంపెనీ ‘తీవ్రత’ తగ్గింది.

సెబీ ఈ ఇబ్బందిని గుర్తించింది. 2023 జులైలో బీఆర్‌ఎస్‌ఆర్‌లోని ముఖ్యమైన కొలతలను ఏరి తెచ్చిన ‘బీఆర్‌ఎస్‌ఆర్ కోర్’లో టర్నోవర్‌తో భాగించిన అంకెతోపాటు ఉత్పత్తి పరిమాణంతో భాగించిన అంకె కూడా అడిగింది. వేర్వేరు రకాల సరుకు చేసే కంపెనీకి టన్నులతో భాగించడం కుదరదు, మాత్రలు చేసే కంపెనీ దేన్ని యూనిట్‌గా తీసుకోవాలి అని పరిశ్రమ అడుగుతుంది. అది న్యాయమైన ప్రశ్న. సిమెంటుకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. టన్ను టన్నే. అందుకని సిమెంటు కంపెనీ రూపాయల అంకెను ముందు పేజీలో పెట్టి టన్నుల అంకెను లోపల పట్టికలో వదిలేస్తే, ఆ ఎంపిక కంపెనీ ఇష్టంతో చేసిందే.

నీళ్లు: ఎక్కడివన్నదే అసలు సంగతి

కార్బన్ ఎక్కడ వదిలినా ఒకటే, గాలి అందరిది. నీళ్లు అలా కాదు. మునుగోడు, మర్రిగూడ వైపు తోడిన వెయ్యి లీటర్లకూ, గోదావరి పక్కన తీసుకున్న వెయ్యి లీటర్లకూ పోలికే లేదు. అయినా రిపోర్టులో రెండూ ఒకే కూడికలో కలుస్తాయి.

బీఆర్‌ఎస్‌ఆర్ నీళ్లను ఎక్కడి నుంచి తీసుకున్నారో విడదీసి అడుగుతుంది: నది, చెరువు లాంటి ఉపరితల నీళ్లు, భూగర్భ నీళ్లు, బయటివాళ్ల నుంచి కొన్నవి, సముద్రపు నీళ్లు. తీసుకున్నదాంట్లోంచి బయటికి వదిలినది తీసేస్తే వినియోగం. 1,000 కిలోలీటర్లు తీసుకుని 300 శుద్ధి కేంద్రానికి పంపితే వినియోగం 700. మందుల కంపెనీల్లో చాలాచోట్ల వ్యర్థ జలాలు అసలు బయటికి వదలని జీరో డిశ్చార్జ్ పద్ధతి ఉంటుంది. అలాంటి ఫ్యాక్టరీలో వదిలేది సున్నా కాబట్టి తీసుకున్నదంతా వినియోగమే అవుతుంది. ఆ ఒక్క గడి చూసి అది నీళ్లు ఎక్కువ తాగుతోందనుకుంటే పొరపాటు. శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం వల్ల అసలు తీసుకునేది తగ్గిందా అన్నది ఏడాదికేడాది చూస్తేనే తెలుస్తుంది.

నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల్లోని ఒక్కో ఫ్యాక్టరీ పేరుతో ఎంత తీసుకున్నారో చెప్పమనే ప్రశ్న కూడా ఫార్మాట్‌లో ఉంది. నల్గొండవాళ్లకు కావాల్సింది సరిగ్గా ఇదే. కానీ అది ఇష్టముంటే చెప్పే ప్రశ్నల్లో ఉంది. నా దృష్టిలో ఈ ఫార్మాట్ మొత్తంలో తప్పనిసరి కావాల్సిన మొదటి ప్రశ్న ఇది.

ఇక ‘వాటర్ పాజిటివ్’ అంటే వాడుకున్నదానికంటే ఎక్కువ నీళ్లు భూమికి తిరిగి ఇచ్చామని. ఇంకుడు గుంతలు, చెక్‌డ్యాములు, చెరువు పూడికతీతల నుంచి ఎంత నీరు ఇంకిందో అంచనా వేసి లెక్కలో కలుపుతారు. ఫ్యాక్టరీ చౌటుప్పల్‌లో ఉండి చెక్‌డ్యాం ఇంకో రాష్ట్రంలో ఉన్నా కూడిక కుదురుతుంది. చౌటుప్పల్ బోరులో నీటిమట్టం మాత్రం పెరగదు.

మనుషుల లెక్క

కార్మికుల భద్రతకు వాడే కొలత: పది లక్షల పనిగంటలకు, పని మానాల్సి వచ్చేంత గాయాలు ఎన్ని. 600 మంది ఏడాదికి 2,500 గంటల చొప్పున పనిచేస్తే 15 లక్షల గంటలు. ముగ్గురు గాయపడితే రేటు 2. ఆ 600లో 400 మంది ప్యాకింగ్, లోడింగ్ చేసే కాంట్రాక్టు కార్మికులై, గాయపడిన ముగ్గురూ వాళ్లే అయితే, పర్మనెంటు 200 మందిని మాత్రమే లెక్కించిన కంపెనీకి రేటు సున్నా వస్తుంది. బీఆర్‌ఎస్‌ఆర్ కాంట్రాక్టు వాళ్లను కూడా కలపమంటుంది. ఇది మంచి నిబంధన. గేటు దాటి రోడ్డు మీద సిమెంటు లారీ గుద్దిన మనిషి మాత్రం ఈ లెక్కలో రాడు.

కోర్‌లో ఇంకో ప్రశ్న మన ప్రాంతానికి బాగా తగులుతుంది. గ్రామీణ, సెమీ అర్బన్, అర్బన్, మెట్రో ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు మొత్తం జీతాల్లో ఎంతెంత శాతం ఇచ్చారో చెప్పాలి. చిన్న ఊళ్లలో ఉపాధి పెరుగుతోందా అని చూడటానికి పెట్టిన ప్రశ్న ఇది. మేళ్లచెరువు లాంటి చోట ఫ్యాక్టరీ ఉన్న కంపెనీకి గ్రామీణ శాతం సహజంగానే ఎక్కువ వస్తుంది. కానీ ప్రశ్న పనిచేసే చోటు గురించే, పనిచేసే మనిషి ఊరి గురించి కాదు. ప్యాకింగ్ ప్లాంటులో బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికుల జీతాలు కూడా గ్రామీణ జీతాలే. భూములిచ్చిన కుటుంబాల పిల్లలకు ఎన్ని ఉద్యోగాలొచ్చాయన్న దానికి ఆ శాతం జవాబు కాదు.

ఏది రాయాలో ఎవరు తేలుస్తారు

ప్రతి విషయం రాయడం కుదరదు కాబట్టి ‘ముఖ్యమైనవి’ ఎంచుకోవాలి. ముఖ్యం ఎవరికి అన్న దగ్గర ప్రపంచం రెండుగా చీలింది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సు సమయంలో ఏర్పాటైన అంతర్జాతీయ సస్టైనబిలిటీ ప్రమాణాల బోర్డు ఐఎస్ఎస్‌బీ 2023 జూన్‌లో రెండు ప్రమాణాలు ఇచ్చింది. కంపెనీ ఆర్థిక పరిస్థితిని ప్రభావితం చేసేవి చెప్పాలి అన్నది వాళ్ల పద్ధతి. యూరప్ చట్టం ఇంకో అడుగు వేసింది: బయటి విషయాలు కంపెనీ మీద చూపే ప్రభావమే కాదు, కంపెనీ బయటివాళ్ల మీద చూపే ప్రభావం కూడా చెప్పాలంది.

మన దగ్గర దీన్ని ఇలా చూడొచ్చు. ఒక ఫ్యాక్టరీ మొదట్లో బోర్ల మీద నడిచి, చుట్టుపక్కల రైతుల బోర్లు ఎండాక కృష్ణా నుంచి పైపులైను వేసుకుంది. కంపెనీకి ఇక నీటి ఇబ్బంది లేదు, లాభానికి ప్రమాదం లేదు. మొదటి పద్ధతిలో ఎండిన బోర్లు చెప్పాల్సినంత ముఖ్యం కాకుండా పోవచ్చు. రెండో పద్ధతిలో చెప్పి తీరాలి.

ఐఎస్ఎస్‌బీ వైపు వాదన ఏమిటంటే, రిపోర్టు ఎవరికోసమో స్పష్టంగా ఉంటేనే పోల్చడానికి పనికొస్తుంది, అన్నీ అందరికీ చెప్పబోతే వందల పేజీలై ఎవరూ చదవరు. ఆ ఇబ్బంది నిజమే. యూరప్ కూడా భారం ఎక్కువైందంటూ 2025లో తన చట్టం పరిధిని తగ్గించే పనిలో పడింది. మన బీఆర్‌ఎస్‌ఆర్ రెండిటి మధ్యలో ఉంది. ప్రశ్నలు ముందే రాసిచ్చింది కాబట్టి తప్పనిసరి ప్రశ్నల్లో దేన్ని వదిలేయాలో కంపెనీ ఇష్టానికి వదల్లేదు.

ఎవరు చెక్ చేస్తారు

చాలాకాలం ఈ రిపోర్టులను ఎవరూ తనిఖీ చేయలేదు. బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ దాన్ని మార్చింది. తొమ్మిది అంశాల్లోని అంకెలకు బయటి సంస్థ తనిఖీ ఉండాలంది. 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలై, 250, 500 అవుతూ 2026-27కి 1,000కి చేరాలన్నది క్రమం. ఆ తనిఖీ చేసేవాళ్లు అదే కంపెనీకి సలహాలు అమ్మేవాళ్లు కాకూడదు. తనిఖీ అంటే డీజిల్ బిల్లులు స్టోర్ రిజిస్టరుతో కలుస్తున్నాయా, నీళ్ల మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారు, గుణకం ఎక్కడిది అని చూడటం. ‘అష్యూరెన్స్’ అన్న బరువైన మాట బదులు ‘అసెస్‌మెంట్’ చేయించుకున్నా సరిపోతుందని సెబీ తర్వాత సడలింపు ఇచ్చింది.

ఊళ్లకు పట్టే ఒక విషయం ఇక్కడ జారిపోయింది. కోర్‌లో కార్బన్ ఉంది, నీళ్లు, కరెంటు, వ్యర్థాలు ఉన్నాయి. గాలిలో దుమ్ము, నైట్రోజన్, సల్ఫర్ వాయువులు లేవు. అవి పూర్తి బీఆర్‌ఎస్‌ఆర్‌లో చెప్పాల్సినవే, కానీ తప్పనిసరి తనిఖీ పరిధిలోకి రావు. సిమెంటు ఫ్యాక్టరీ పక్కన పత్తి, మిరప వేసిన రైతు ఆకు మీద వేలితో రాస్తే అంటేది కార్బన్ డయాక్సైడ్ కాదు, దుమ్ము.

ఇక రేటింగులు. ఆరు పెద్ద ఈఎస్‌జీ రేటింగ్ సంస్థలు ఒకే కంపెనీలకు ఇచ్చిన మార్కులను పోల్చి 2022లో పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. వాటి మధ్య పొంతన సగటున 0.54 మాత్రమే. పూర్తిగా కలిస్తే 1 రావాలి. అప్పు తీర్చే సత్తాకిచ్చే క్రెడిట్ రేటింగుల్లో అది 1కి చాలా దగ్గర. ఒక్కో సంస్థ ఒక్కో విషయాన్ని చూస్తుంది, ఒకే విషయాన్ని వేర్వేరుగా కొలుస్తుంది. ‘మంచి రేటింగ్ వచ్చింది’ అన్నప్పుడు ఎవరిచ్చారన్నది కూడా ఆ వార్తలో భాగమే.

మిల్లు దాకా వచ్చిన ప్రశ్నలు

పెద్ద కంపెనీ తన లెక్కతో ఆగదు. దానికి సరుకు ఇచ్చేవాళ్ల, దాని దగ్గర కొనేవాళ్ల లెక్కలు కూడా కావాలి. కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో విడిగా 2 శాతం, అంతకు పైన వాటా ఉన్నవాళ్లు ఈ పరిధిలోకి వస్తారు. మొదట దీన్ని పెద్ద 250 కంపెనీలకు పెట్టాలనుకున్న సెబీ, పరిశ్రమ అభ్యంతరాల తర్వాత ఏడాది వెనక్కి జరిపి స్వచ్ఛందం చేసింది. ఒక రైస్ మిల్లుకో, ప్యాకింగ్ సంచులు చేసే చిన్న యూనిట్‌కో కరెంటు, నీళ్లు, గాయాల వివరాలు అడిగే ఫారాలు రావడానికి కారణం ఇదే. మిల్లు యజమానికి ఇది టెన్షనే. ముగ్గురు కొనుగోలుదారులు మూడు రకాల ఫారాలు పంపితే ఒకే మీటరు రీడింగును మూడు విధాలుగా రాయాలి. ఇంకోవైపు, వీళ్లను వదిలేస్తే పెద్ద కంపెనీ మురికి పనంతా బయటికిచ్చి తన లెక్క శుభ్రంగా చూపించే వీలుంటుంది. క్లింకర్ విషయంలో చూసింది అదే.

కంపెనీ లెక్కలో ఫ్యాక్టరీ ఎక్కడ

బీఆర్‌ఎస్‌ఆర్ మొదటి భాగంలోనే కంపెనీ ఒక్కదాని లెక్కనా, అనుబంధ సంస్థలతో కలిపినదా అని అడుగుతుంది. ఏదైనా సరే, దేశమంతా ఉన్న యూనిట్ల మొత్తమే అది. ఒక్క మఠంపల్లి ఫ్యాక్టరీ అంకె అందులోంచి తీయలేం.

ఫ్యాక్టరీ స్థాయి లెక్కలు వేరేచోట ఉన్నాయి. పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రతి ప్రాజెక్టు షరతులు పాటిస్తున్న తీరు మీద ఆరు నెలలకోసారి, జూన్ 1, డిసెంబరు 1 గడువులకు రిపోర్టు ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలికి ఏటా సెప్టెంబరు 30లోపు ఫామ్ 5 అనే పర్యావరణ ప్రకటన ఇవ్వాలి. నీళ్లు, ముడిసరుకు, గాలిలోకి, నీటిలోకి వదిలిన కాలుష్యం ఆ ఒక్క ఫ్యాక్టరీవే అందులో ఉంటాయి. మెరిసే కాగితం మీద అచ్చయ్యే రిపోర్టు కాదు కాబట్టి వీటి గురించి పేపర్లలో వార్తలు రావు. మండలికిచ్చిన ఫామ్ 5 లోని అంకెనూ, షేర్‌హోల్డర్లకిచ్చిన రిపోర్టులోని అంకెనూ కలిపి చూడాల్సిన బాధ్యత ఏ ఒక్క సంస్థ మీదా లేదు. ఒకటి సెబీ కింద, ఇంకోటి పర్యావరణ శాఖ కింద నడుస్తున్నాయి.

కార్బన్ విషయంలో మాత్రం లెక్క ఫ్యాక్టరీ గేటు దాకా వస్తోంది. 2025 అక్టోబరులో కేంద్రం సిమెంటు, అల్యూమినియం, కాగితం, క్లోర్-ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ) రంగాల్లోని ఒక్కో యూనిట్‌కు, టన్ను ఉత్పత్తికి ఇంతకు మించి కార్బన్ వదలకూడదని లక్ష్యాలు ప్రకటించింది. లక్ష్యం దాటిన యూనిట్ కార్బన్ క్రెడిట్లు కొనాలి, దానికంటే తగ్గించినది అమ్ముకోవచ్చు. ఇక్కడ భాగించేది టన్నులతో, రూపాయలతో కాదు. బస్తా ధర పెరిగినందువల్ల ఈ అంకె తగ్గదు. దుమ్ము, బోరు నీళ్లు ఈ పథకంలో లేవు. వాటి లెక్క ఇప్పటికీ ఆరు నెలల రిపోర్టులోనూ ఫామ్ 5లోనే ఉంది.